ప్రయాణాల ట్రైపాడ్‌కు బాల్ హెడ్ ఎంచుకోవడం ఎలా

రామప్ప గుడి చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలను తీయాలంటే కెమెరా ముక్కు బాగా పైకెత్తాలి. 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ పెట్టి, మదనిక ముఖాన్ని సరిగ్గా ఫ్రేమ్ మధ్యకు తెచ్చి, ట్రైపాడ్ మీద కెమెరాను పట్టుకునే బాల్ హెడ్ నాబ్ బిగించి చెయ్యి తీస్తారు. లెన్స్ ముందు బరువుకు కెమెరా కొద్దిగా వంగుతుంది. ముఖం ఫ్రేమ్‌లో పైకి పోయి, మధ్యలోకి నడుము వస్తుంది. మళ్లీ వదులు చేసి, మళ్లీ బిగిస్తే మళ్లీ అదే తంతు. ఆ హెడ్ పెట్టె మీద మాత్రం ‘15 కిలోలు మోస్తుంది’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

బరువు మోయడం వేరు, కదలకుండా పట్టుకోవడం వేరు. పెట్టె మీది కిలోల లెక్కకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలమానం లేదు. ఎవరికి తోచిన పద్ధతిలో వారు కొలిచి రాసుకుంటారు. అందుకే ఒక కంపెనీ 10 కిలోల హెడ్ ఇంకో కంపెనీ 20 కిలోల హెడ్ కంటే గట్టిగా పట్టుకోవడం మామూలే. ఆ అంకెను ఒకే కంపెనీ హెడ్లలో ఏది పెద్దది, ఏది చిన్నది అని చూసుకోవడానికి వాడుకోండి. రెండు కంపెనీల మధ్య పోలికకు అది పనికిరాదు.

అసలు పట్టు ఎక్కడ నుంచి వస్తుంది

బాల్ హెడ్‌లో పనంతా రాపిడిదే. ఒక గిన్నెలాంటి గూటిలో లోహపు బంతి ఉంటుంది. పెద్ద నాబ్ తిప్పితే గూటిలోని పట్టీ బంతిని నొక్కుతుంది. ఒకే బలంతో నొక్కినా బంతి వ్యాసం పెద్దదైతే పట్టు పెరుగుతుంది, ఎందుకంటే రాపిడి జరిగే చోటు బంతి కేంద్రానికి అంత దూరంగా ఉంటుంది. కాబట్టి వివరాల పట్టికలో ముందు వెతకాల్సింది బంతి వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లని. కొందరు దాన్ని రాయరు. రాయని హెడ్‌ను అనుమానంగా చూడడంలో తప్పులేదు.

కెమెరా, లెన్స్ కలిపి కిలోన్నర అనుకుందాం. కెమెరా నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు నేరుగా బంతి మీద పడుతుంది, మెలిపెట్టే బలం దాదాపు ఉండదు. నిలువు ఫ్రేమ్ కోసం కెమెరాను పక్కకు వాల్చగానే బరువు బంతికి 10 సెంటీమీటర్ల దాకా పక్కకు జరుగుతుంది. బరువు పెరగలేదు, కానీ బంతిని తిప్పే బలం వచ్చిపడింది. హెడ్ జారేది ఇక్కడే, ఇంకా పొడవాటి లెన్స్‌ను పైకో కిందికో వంచినప్పుడు. బంతి పైన కాడ, కెమెరాను పట్టే క్లాంప్ ఎంత ఎత్తుంటే ఈ బలం అంత పెరుగుతుంది. ఒకే వ్యాసం ఉన్న రెండు హెడ్లలో పొట్టిది తీసుకోవడం మేలు.

ఇక ఏ కెమెరాకు ఏ సైజు? కిట్ లెన్స్‌తో ఉన్న చిన్న సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరా 600 నుంచి 800 గ్రాములుంటుంది. దానికి 28 నుంచి 32 మిల్లీమీటర్ల బంతి చాలు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24-70 ఎఫ్ 2.8 లాంటి లెన్స్ పెడితే కిలోన్నర దాటుతుంది, 36 నుంచి 40 వైపు చూడండి. 70-200 ఎఫ్ 2.8 కూడా తీసుకెళ్తే మొత్తం రెండు కిలోల పైమాటే. 40 నుంచి 44 మధ్య ఉంటే నిశ్చింత. 50 మిల్లీమీటర్లు దాటిన హెడ్లు గట్టివే, కానీ ఒక్కోటి ముప్పావు కిలో దాకా తూగుతుంది. దాన్ని సంచిలో వేసుకుని కుంటాల జలపాతం మెట్లు దిగి ఎక్కితే ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. ప్రయాణాలకు ఎక్కువమందికి సరిపడేది 36 మిల్లీమీటర్ల బంతి, 300 నుంచి 400 గ్రాముల బరువు.

సైజు లెక్క వేసేటప్పుడు సంచిలోని అత్యంత బరువైన లెన్స్‌ను చూసుకోండి, రోజూ వాడేదాన్ని కాదు. ఒక మినహాయింపు ఉంది. శివ్వారం దగ్గర గోదావరిలో మొసళ్లకో, పాకాలలో పక్షులకో 150-600 లాంటి లెన్స్ వాడేవారు దానికోసం పెద్ద బాల్ హెడ్ కొనకండి. అంత పొడవు లెన్స్‌ను కదిలే జీవి వెంట తిప్పాలంటే నాబ్ వదులుగానే ఉంచాలి. బాల్ హెడ్ మీద అలా ఉంచితే లెన్స్ ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుంది. ఆ పనికి లెన్స్ సమతూకంగా వేలాడుతూ తేలిగ్గా తిరిగే గింబల్ హెడ్ వేరే ఉంది.

నాబ్‌లు ఎన్ని ఉండాలి

కనీసం రెండు: బంతిని బిగించే పెద్ద నాబ్, కింది పళ్లెం తిరగకుండా ఆపే ప్యానింగ్ నాబ్. మూడోది టెన్షన్ నాబ్. ఇది ఉంటే పెద్ద నాబ్ పూర్తిగా వదిలినా బంతి మీద కొంత బిగువు మిగులుతుంది, కెమెరా ఠక్కున వాలిపోదు. కొన్ని హెడ్లలో ఇది పెద్ద నాబ్ మధ్యలోనే చిన్న చక్రంలా ఉంటుంది. అదీ మంచిదే, చోటు కలిసొస్తుంది. బాగా చిన్న హెడ్లలో టెన్షన్ నాబ్ ఉండదు. అలాంటి హెడ్ మీద నాబ్ వదిలే ప్రతిసారీ రెండో చెయ్యి కెమెరా మీదే ఉండాలి. లేకపోతే కెమెరా ఒరిగి లెన్స్ ట్రైపాడ్ కాలుకు కొట్టుకుంటుంది, మధ్యలో వేలుంటే నలుగుతుంది.

ఈ మూడు నాబ్‌లూ, పైన క్లాంప్‌ను బిగించే నాబ్ ఉంటే అదీ చేతికి వేర్వేరుగా తగలాలి. సైజో, ఆకారమో, అంచు గరుకుతనమో తేడా ఉండాలి. తెల్లారకముందే భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి, చీకట్లో ప్యానింగ్ నాబ్ అనుకుని క్లాంప్ నాబ్ తిప్పితే కెమెరా నేలమీద ఉంటుంది. కొనేటప్పుడు కళ్లు మూసుకుని తడిమి చూడండి. తేడా తెలియకపోతే ఆ హెడ్ వదిలేయండి.

క్లాంప్, ప్లేట్: సగం తిప్పలు ఇక్కడే

ఈ రోజుల్లో కొనదగ్గది ఆర్కా స్విస్ తరహా క్లాంప్ ఒక్కటే. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు పక్కలా ఏటవాలు అంచులతో, కెమెరా అడుగున బిగించే ప్లేట్ ఇందులో కూర్చుంటుంది. దాదాపు అన్ని కంపెనీల ప్లేట్లు, కెమెరా అడుగునా పక్కనా పట్టే ఎల్ ఆకారపు ప్లేట్లు (ఎల్ బ్రాకెట్లు) దీనికే వస్తాయి. మాన్‌ఫ్రోటో పాత ఆర్‌సీ2 లాంటి సొంత తరహా ప్లేట్లు గట్టివే. కానీ ప్రయాణంలో ఆ ప్లేట్ పోతే పక్కవారి దగ్గర అడిగి తెచ్చుకునే వీలుండదు.

‘సుమారు 38’ అన్నది ఊరికే కాదు. అందరూ కట్టుబడిన కొలత లేదు కాబట్టి ఒక్కో కంపెనీ ప్లేట్ వెంట్రుక మందం తేడాతో ఉంటుంది. మర నాబ్ తిప్పి బిగించే క్లాంప్‌కు ఈ తేడా లెక్కలేదు, ఏ ప్లేట్ వచ్చినా పట్టేస్తుంది. లివర్ క్లాంప్ అలా కాదు. అది ఒక నిర్ణీత వెడల్పు దాకానే మూసుకుంటుంది. వేరే కంపెనీ ప్లేట్ పెడితే లివర్ పూర్తిగా పడినా ప్లేట్ లోపల జారుతూ ఉండవచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. రెండు మూడు కంపెనీల ప్లేట్లున్నవారికి మర నాబ్ క్లాంపే క్షేమం. లివర్ కావాలంటే ప్లేట్లన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి.

ప్లేట్ అడుగున రెండు చివర్లా చిన్న మరలు ఉంటాయి. క్లాంప్ కాస్త వదులైనా ప్లేట్ జారి పడకుండా ఆపేవి అవే. అడ్డొస్తున్నాయని కొందరు వాటిని తీసేస్తారు. తీయకండి. అయితే కొన్ని క్లాంప్‌లలో ఆ మరలకు గాడి ఉండదు, అప్పుడు ప్లేట్ పూర్తిగా కూర్చోదు. కొనేముందు మీ ప్లేట్ పెట్టి చూసుకోవాల్సింది ఇందుకే.

హెడ్ జారుతోందని తిట్టుకునేవారిలో చాలామంది సమస్య నిజానికి ప్లేట్‌ది. ప్లేట్ పైన మందపాటి రబ్బరు పొర ఉంటే బరువుకు అది మెల్లగా నొక్కుకుపోతుంది, కెమెరా నెమ్మదిగా కుంగుతుంది. నిలువు ఫ్రేమ్‌లో ఇంకో బాధ: కెమెరాను పట్టుకునేది ఒక్క 1/4 అంగుళం మర, బరువు ఆ మర చుట్టూ కెమెరాను తిప్పేస్తుంది. మీ మోడల్ కోసమే చేసిన, వెనుక చిన్న అంచు ఉన్న ప్లేట్ తీసుకుంటే ఇది ఆగుతుంది. ఇంకా మంచిది ఎల్ బ్రాకెట్. దానితో నిలువు ఫ్రేమ్‌కు బంతిని పక్కకు వాల్చే పనే ఉండదు. కెమెరాను తీసి, తిప్పి పెడితే బరువు మళ్లీ నిటారుగా బంతి మీదే ఉంటుంది. చిన్న హెడ్‌తో పెద్ద పని చేయించే మార్గం ఇదే. హెడ్‌ను ఒక సైజు పెంచడానికి పెట్టే డబ్బు ఎల్ బ్రాకెట్ మీద పెట్టడమే మేలని మా అభిప్రాయం. 70-200 లాంటి లెన్స్‌కు కాలర్, అంటే లెన్స్ చుట్టూ పట్టే ట్రైపాడ్ పట్టీ ఉంటే ప్లేట్‌ను కాలర్ అడుగుకు బిగించండి, ఎప్పుడూ కెమెరాకు కాదు.

పరీక్ష ఎలా చేయాలి

కోఠిలో దుకాణానికి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా పరీక్ష ఒక్కటే. ఆన్‌లైన్ అయితే వెనక్కి పంపే గడువులోపే చేయండి. దుకాణానికైతే మీ కెమెరా, బరువైన లెన్స్, మీ ప్లేట్ వెంట తీసుకెళ్లండి.

ట్రైపాడ్ కాళ్లు సాగదీయకుండా, మధ్య కడ్డీ పైకెత్తకుండా పొట్టిగా నిలపండి. కాళ్ల ఊగుడు హెడ్ ఖాతాలో పడకూడదు. లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేసి, ఎదురుగా గోడమీద ఒక చిన్న గుర్తును కెమెరా తెరమీద లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి చూడండి. గుర్తు మధ్యలో ఉండగా పెద్ద నాబ్‌ను మామూలు బలంతో బిగించండి. బిగిస్తున్నప్పుడే గుర్తు పక్కకు జరిగితే గూడు బంతిని సమంగా నొక్కడం లేదు. చెయ్యి తీశాక గుర్తు పైకి పోతే అది కుంగుడు. చిన్నదైతే భరించవచ్చు, గుర్తు తెర దాటిపోతే వద్దు. ఇదే పని కెమెరాను 45 డిగ్రీలు పైకెత్తి ఒకసారి, నిలువు ఫ్రేమ్‌లో ఒకసారి చేయండి. ఆఖరున ఒక ఫొటో తీసి, ముట్టుకోకుండా 10 నిమిషాలాగి ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన చూడండి. వెంటనే కనపడని జారుడు ఇందులో దొరుకుతుంది.

తర్వాత లెన్స్ మీద వేలితో చిన్నగా తట్టండి. తెరమీద బొమ్మ వెంటనే కుదురుకోవాలి. ఊగుతూనే ఉంటే కాడ సన్నగా ఉందో, క్లాంప్‌కు బంతికి మధ్య అతుకు వదులుగా ఉందో చూడండి. టెన్షన్ నాబ్‌ను కెమెరా తనంతట వాలనంత బిగించి, చేత్తో మెల్లగా తిప్పండి. నున్నగా కదలాలి. కాసేపు అంటుకుని, బలం పెడితే ఒక్కసారిగా జారే హెడ్‌తో ఫ్రేమ్ సర్దడం నరకం. ప్యానింగ్ నాబ్ బిగించి కెమెరాను ఎడమకూ కుడికీ మెలిపెట్టండి, ‘టిక్’ మని చిన్న ఆట వినిపించకూడదు.

బంతి మరీ సులువుగా, నూనె రాసినట్టు తిరుగుతోందంటే మురిసిపోకండి. పట్టేది రాపిడే కదా.

కాళ్లకు హెడ్ సరిపడాలి

హెడ్ అడుగున సాధారణంగా 3/8 అంగుళం మర ఉంటుంది. చిన్న ట్రైపాడ్లకు 1/4 ఉండవచ్చు. రెంటి మధ్య సన్నని లోహపు బుష్ వేస్తే సరిపోతుంది, దాన్ని నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయవచ్చు. హెడ్ అడుగు వ్యాసం ట్రైపాడ్ పై పళ్లెం కంటే మరీ పెద్దది కాకూడదు.

కాళ్లు వెనక్కి మడిచి హెడ్ చుట్టూ మూసే ట్రైపాడ్ అయితే ఇంకో కొలత తీసుకోవాలి: మడిచినప్పుడు కాళ్ల మధ్య ఖాళీ ఎంత, నాబ్‌లతో కలిపి హెడ్ వెడల్పు ఎంత. పెద్ద నాబ్ ఒక కాలుకు తగిలి కాళ్లు పూర్తిగా మూసుకోకపోవడం సర్వసాధారణం. చాలాసార్లు హెడ్‌ను కొంచెం తిప్పి, నాబ్ రెండు కాళ్ల మధ్యకు వచ్చేలా బిగిస్తే సరిపోతుంది.

బిగించేటప్పుడు ట్రైపాడ్ పళ్లెం అడుగున చిన్న అలెన్ మరలుంటే ముందు వాటిని వెనక్కి తిప్పండి, హెడ్‌ను పళ్లేనికి అంటేదాకా తిప్పండి, తర్వాత అలెన్ మరలు బిగించండి. ఇవి వదిలేస్తే కెమెరాను ఎడమవైపు తిప్పినప్పుడు పళ్లెం తిరగడానికి బదులు హెడ్ మొత్తం ఊడివస్తుంది.

పనోరమాలు, గుళ్లు, నీళ్లు

లక్నవరం, రామప్ప చెరువు, ఖిలా వరంగల్ తోరణాల లాంటి చోట్ల పనోరమా తీసేవారు ఒకటి గమనించండి. మామూలు హెడ్‌లో ప్యానింగ్ పళ్లెం బంతి కింద ఉంటుంది. క్లాంప్ మీది నీటి బుడగను మధ్యకు తెచ్చినంత మాత్రాన కింది పళ్లెం సమంగా ఉన్నట్టు కాదు. కెమెరాను తిప్పుతుంటే చెరువు ఒడ్డు వాలిపోతుంది. ముందు కాళ్లను సర్దుతూ పళ్లేన్ని సమం చేయాలి. క్లాంప్ దగ్గరే ఇంకో ప్యానింగ్ ఉన్న హెడ్ అయితే ఈ కష్టం తప్పుతుంది: బంతితో సమం చేసి, పైనే తిప్పేయడం. పనోరమాలు ఎక్కువ తీసేవారికి ఈ ఒక్క వసతికి అదనపు డబ్బు పెట్టవచ్చు.

వేయిస్తంభాల గుడి లోపల స్తంభాలను నిటారుగా ఫ్రేమ్ చేయడంలో బాల్ హెడ్ కొంచెం ఏడిపిస్తుంది. పైకి కిందికి సర్దితే పక్కవాలు చెదురుతుంది, అది సర్దితే ఇది పోతుంది. టెన్షన్ కాస్త ఎక్కువ బిగించి, కెమెరాలోని గ్రిడ్, లెవెల్ రెండూ ఆన్ చేసుకుని పని చేయండి. కట్టడాలు తప్ప వేరే తీయరంటే మాత్రం ఒక్కో వాలును విడివిడిగా పళ్ల చక్రంతో తిప్పే గేర్ హెడ్ కొనండి, బరువు భరించాల్సిందే. వేయిస్తంభాల గుడి, రామప్ప, ఖిలా వరంగల్ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోనివి. ట్రైపాడ్ వాడకానికి ముందే అనుమతి తీసుకోండి.

బొగత జలపాతం దగ్గర నీళ్లు పాలలా రావాలని అర సెకను ఎక్స్‌పోజర్ పెడితే హెడ్ కుంగుడు తప్పకుండా బయటపడుతుంది. బిగించాక రెండు మూడు సెకన్లు ఆగి, టైమర్‌తో తీయండి. కుంగుడు ఎంతో తెలిసిన హెడ్ అయితే ఆ మేరకు ముందే కాస్త పైకి గురిపెట్టి బిగించడం అలవాటు చేసుకోండి. లక్నవరం వేలాడే వంతెన మీద మాత్రం ఎంత మంచి హెడ్ అయినా దండగ. ఒక మనిషి నడిచినా వంతెన ఊగుతుంది, కెమెరా దానితోపాటే ఊగుతుంది. ఒడ్డు మీదికి రండి.

శుభ్రం చేయడం

మేడారం జాతర దుమ్ము, కాళేశ్వరం గోదావరి ఇసుక బంతి మీద పడితే తిప్పుతున్నప్పుడు కరకర వినిపిస్తుంది. అలా వినిపించగానే తిప్పడం ఆపండి, లేకపోతే బంతి మీద గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తని కుంచెతో గూటి అంచు, పక్క గాడి దులపండి. తర్వాత నాబ్ వదిలి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో బంతి కనపడే భాగాన్ని తుడుస్తూ, కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ తుడవండి. మొండి మరకకు గుడ్డ కొద్దిగా తడిపి తుడిచి, వెంటనే పొడి గుడ్డ వాడండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ వద్దు. బంతికి నూనె తగిలితే పట్టు పోతుంది, గూటి లోపలికి పోయిన నూనెను బయటకు రప్పించడం విప్పకుండా కుదరదు. ఇంట్లో విప్పడం కూడా మంచిది కాదు, లోపలి పట్టీలు, స్ప్రింగులు ఒక వరసలో కూర్చుంటాయి.

మే నెలలో మిట్టమధ్యాహ్నం కారులో వదిలేసిన నల్లని లోహపు హెడ్ చేతిని కాలుస్తుంది. పైన ఒక తువ్వాలు కప్పండి. సంచిలో పెట్టేటప్పుడు నాబ్‌లన్నీ తేలిగ్గా బిగించి ఉంచండి. పూర్తిగా వదిలిన క్లాంప్ నాబ్ బస్సు కుదుపులకు తిరిగి తిరిగి ఊడి పడిపోవచ్చు. వెంట ఒక అలెన్ కీ ఉండాలి, ప్లేట్ మరకు సాధారణంగా 4 లేదా 5 మిల్లీమీటర్లది సరిపోతుంది. ప్రతి ప్రయాణానికి ముందు సరిపడే కీలతో మూడు చోట్ల బిగువు చూడండి: కెమెరాకు ప్లేట్ పట్టిన మర, బంతి కాడకు క్లాంప్‌ను పట్టిన నడిమి మర, ట్రైపాడ్ పళ్లెం అడుగున చిన్న మరలు. నడిమి మరను చాలామంది మరిచిపోతారు. అది వదులైతే ఎన్ని నాబ్‌లు బిగించినా క్లాంప్ తనంతట తిరుగుతూనే ఉంటుంది.